పెట్రోలు ట్యాంకుకు చిల్లి పడితే వినకూడని సలహాలు

బండి ట్యాంకు కింద తడి కనబడితే చాలు, సలహా చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. సికింద్రాబాద్ స్టేషన్‌కు బోయిగూడ వైపు దిగి నాలుగడుగులు వేస్తే టింబర్ డిపోలు, పాత ఇనుము గోదాములు, వెల్డింగ్ షాపులు, వాటి మధ్యనే కాపురాలు. అక్కడ పాత బుల్లెట్టో యెజ్డీయో ఆపి, ట్యాంకు కారుతోందని ఒక్క మాట అంటే చుట్టుపక్కల వాళ్లంతా దగ్గరికొస్తారు. సబ్బు రాయమని ఒకరు, ఎం-సీల్ పెట్టమని ఇంకొకరు, యాసిడ్ పోసి కడగమని మరొకరు, రెండు నిమిషాల్లో వెల్డింగ్ కొట్టిస్తానని వేరొకరు. అందరి మాటా చివరికి ఒక్క దగ్గరే ఆగుతుంది: "ఏం గాదన్నా, నేను మస్తు సార్లు జేసిన."

ఆ మాట అబద్ధం కాదు. నిజంగానే చాలాసార్లు చేసి ఉంటారు, నిజంగానే ఏమీ కాకపోయి ఉంటుంది. అయినా దాన్ని నమ్మొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పెట్రోలు విషయంలో నిన్న ఏమీ కాలేదన్నది ఇవాళ్టికి సాక్ష్యం కాదు. ఎందుకు కాదో వెల్డింగ్ దగ్గరికి వచ్చాక వివరంగా చెబుతాను. ముందు అసలు చిల్లి ఎందుకు పడుతుందో చూద్దాం. తప్పుడు సలహాలు అక్కడి నుంచే మొదలవుతాయి.

"పెట్రోలు ఉన్నంత కాలం లోపల జంగు పట్టదు" అంటారు. పెట్రోలు తగిలిన చోట పట్టదు, అంతవరకు నిజం. కానీ ట్యాంకులో ఉండేది పెట్రోలు ఒక్కటే కాదు. సగం ఖాళీ ట్యాంకులో మిగతా సగం గాలి. పగటి వేడికి ఆ గాలి ఉబ్బి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే బయటి గాలి తేమతో సహా లోపలికొస్తుంది. ఆ తేమ రేకు గోడల మీద చెమ్మగా పట్టి కిందికి జారుతుంది. మూత కింది వాషరు ఎండి పగిలితే వానాకాలంలో నీళ్లే నేరుగా దిగుతాయి. నీళ్లు పెట్రోలు కన్నా బరువు కనుక అడుక్కి చేరతాయి. మోటారు సైకిల్ ట్యాంకు గుర్రం మీది జీనులా ఫ్రేముకు అటూ ఇటూ దిగి ఉంటుంది. పెట్రోలు కాక్ చాలా బండ్లకు ఒక్క వైపే ఉంటుంది. ఆ వైపు చేరిన నీళ్లు అప్పుడప్పుడు కార్బురేటర్‌లోకి పోయి బండిని ఆపేస్తాయి కాబట్టి వాటి సంగతి మనకు తెలుస్తుంది. రెండో వైపు నీళ్లు ఏళ్ల తరబడి కదలవు. చిల్లి ఎక్కువగా పడేది అక్కడే. మిల్లీమీటరు మందం ఉంటుందో ఉండదో ఆ రేకును తుప్పు లోపలి నుంచి తినేస్తూ వచ్చి, బయట రంగు ఉబ్బినప్పుడు గానీ మనకు కనబడదు. ఉబ్బిన చోట గీకి, పుట్టీ పెట్టి, పైన రంగు కొట్టించుకుంటే రోగం లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోలైపోయింది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. కొద్దిపాటి తేమైతే ఇంజన్‌లోకి పోయి ఆవిరైపోతుంది, నష్టం లేదు. బండి నెలల తరబడి నిలబడి, తేమ మోతాదు దాటిందంటే మాత్రం ఇథనాల్ పెట్రోలును విడిచి, నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. రేకు ఆ పొరలో నానుతూ ఉంటుంది. అందుకని "బండి తియ్యకున్నా మంచిదే, రెండు లీటర్లు ఉండనియ్" అనే సలహా వెనకటికీ అంత మంచిది కాదు, ఇప్పుడైతే బొత్తిగా పనికిరాదు. కొద్ది వారాలే నిలబెట్టేదైతే ట్యాంకు నింపి నిలబెట్టండి, గాలికి చోటుండదు. నెలల సంగతైతే ఖాళీ చేసి, బయట బాగా ఆరబెట్టి, లోపల కొంచెం ఇంజనాయిల్ పోసి నాలుగు వైపులా తిప్పి మూత పెట్టండి.

మూత మాటొచ్చింది కాబట్టి, "మూతకు సన్న రంధ్రముంది సూడు, గది మూసెయ్, వాన నీళ్లు పోవు" అనేది కూడా తరచూ వినబడుతుంది. ఆ రంధ్రం ట్యాంకు ఊపిరి పీల్చుకోవడానికి పెట్టింది. దాన్ని మూస్తే పెట్రోలు దిగిన కొద్దీ లోపల గాలి చాలక పెట్రోలు దిగడం మానేస్తుంది. బండి ఫ్లైఓవరు మధ్యలో ఆగుతుంది, మూత తీసి పెడితే మళ్లీ నడుస్తుంది, ఈలోగా కార్బురేటర్ విప్పించి డబ్బు వదిలించుకున్నవాళ్లు ఎంతోమంది. మార్చాల్సింది మూత కింది వాషరు. ఆ పని చాలా చవక.

కారే ట్యాంకులోంచి ముందు పెట్రోలు తీసెయ్యాలి. ఇక్కడ వచ్చే సలహా నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. "పైపు పెట్టి నోటితోని ఒక్క గుంజు గుంజు." దీన్ని ఎక్కువగా షాపులో పనిచేసే చిన్న పిల్లగాడికి చెబుతారు. పెట్రోలు కడుపులోకి పోవడం కన్నా ఊపిరితిత్తుల్లోకి పోవడం చాలా ప్రమాదం. అది బాగా పలచటి ద్రవం. గొంతులో మంటకు దగ్గు రాగానే కొన్ని చుక్కలు శ్వాసనాళంలోకి జారతాయి, ఊపిరితిత్తులు వాచి న్యుమోనియా వస్తుంది. దీని వెంటే ఇంకో సలహా వస్తుంది: "ఉప్పు నీళ్లు తాగించి కక్కియ్యి." ఎట్టి పరిస్థితుల్లోనూ కక్కించకూడదు. కక్కిస్తే అదే పెట్రోలు మళ్లీ గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే దారి రెండోసారి తెరిచినట్టు. నోరు కడిగించి, పెట్రోలు పడ్డ బట్టలు విప్పించి, ఆస్పత్రికి తీసుకుపోవాలి. గాంధీ ఆస్పత్రి బోయిగూడకు దూరం కాదు. అప్పటికి దగ్గు, ఆయాసం లేకపోయినా తర్వాత కొన్ని గంటలకు మొదలు కావచ్చు, అందుకే "బాగానే ఉన్నడు గదా" అని ఇంటికి పంపెయ్యొద్దు. అసలు నోటితో లాగే అవసరమే లేదు. కాక్‌కున్న రబ్బరు పైపును డబ్బాలో పెట్టి కాక్ తిప్పితే దానంతటదే దిగుతుంది. కాక్ లేని వైపు మిగిలింది ట్యాంకును వంచితే వస్తుంది.

ఆ డబ్బా లోహపుదై, గట్టి మూత ఉన్నదై ఉండాలి, నేల మీద పెట్టి పట్టాలి. ప్లాస్టిక్ బకెట్‌లో పట్టకండి. పెట్రోలు దూకుతూ పడుతుంటే ప్లాస్టిక్ మీద స్థిరవిద్యుత్తు పేరుకుంటుంది, అది దూకినప్పుడు వచ్చే చిన్న మిణుకు చాలు, ఆవిరి అంటుకోవడానికి. లైసెన్సు లేని మనిషి ఇంట్లో 30 లీటర్ల పెట్రోలు మించి ఉంచుకోకూడదని 1934 నాటి పెట్రోలియం చట్టం. ఆ కొంచెమైనా బిగుతు మూత ఉన్న గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రల్లోనే ఉండాలి. ఇంటి వసారాలో ఈ పని వద్దు. "తలుపులు తీసే ఉన్నయి గదా" అంటారు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి పోదు. నేల మీద పాకి, గడప దాటి, పక్క గదిలో స్టవ్వు ఎక్కడుందో, దేవుడి దగ్గర దీపం ఎక్కడుందో అక్కడిదాకా పోతుంది. ఇరుకు సందులో అది చేరేది మీ ఇల్లే కానక్కర్లేదు.

సబ్బు సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. చిల్లి మీద ఎండు బట్టల సబ్బు గట్టిగా రుద్దితే కారడం కాసేపు ఆగుతుంది, ఎందుకంటే సబ్బు పెట్రోలులో కరగదు. ట్యాంకు ఖాళీ చేసే వరకు పనికొస్తుంది. దాని మీద బండి నడపడం మాత్రం చెయ్యకండి. ట్యాంకు కిందే వేడెక్కిన ఇంజన్, సైలెన్సర్ ఉంటాయి. ఎం-సీల్ కూడా అలాంటిదే. పెట్రోలు తడి ఉన్న రేకుకు అది పట్టదు, పట్టినా చుట్టూ రేకు పలచబడుతూనే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు అతుకు పక్కన కారుతుంది.

ఇక వెల్డింగ్.

"పెట్రోలు మొత్తం తీసేసినం, ఖాళీ ట్యాంకే, రెండు చుక్కలు పెడితే అయిపాయె." ఇంతకంటే ప్రమాదకరమైన సలహా ఈ పనిలో లేదు. పెట్రోలు ద్రవంగా మండదు, దాని ఆవిరి గాలితో కలిసినప్పుడు మండుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా మండేంత ఆవిరి దాని నుంచి వస్తుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి దాదాపు 1.4 పాళ్ల నుంచి 7.6 పాళ్ల మధ్య ఉంటేనే అంటుకుంటుంది. అంతకు తక్కువైతే చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. నిండుగా పెట్రోలున్న ట్యాంకులో ఆవిరి ఈ పైహద్దు దాటి ఉంటుంది, లోపల అంటుకోదు. పూర్తిగా శుభ్రమైన ట్యాంకులో ఆవిరే ఉండదు. ఖాళీ చేసిన ట్యాంకు ఈ రెంటి మధ్య ఉంటుంది. లెక్క వేసి చూడండి. పదిహేను లీటర్ల ట్యాంకు మండే స్థితికి రావడానికి ఒక మిల్లీలీటరు పెట్రోలు ఆవిరైతే చాలు. రెండు రేకులు కలిపి మడిచిన అంచులో, కాక్ మరలో, లోపలి తుప్పు పొరల్లో అంతకంటే ఎక్కువే దాగి ఉంటుంది.

"మస్తు సార్లు జేసిన, ఏం గాలే" అన్న మాటకు జవాబు ఇక్కడుంది. అతను చేసినప్పుడల్లా ఆవిరి ఆ హద్దులకు ఇటో అటో ఉండి ఉంటుంది. అప్పుడే ఖాళీ చేసిన ట్యాంకులో ఆవిరి మరీ ఎక్కువై అంటుకోకపోవచ్చు. ఆ ట్యాంకునే మూత తీసి కాసేపు ఎండలో పెట్టి, ఆరింది కదా అని వెల్డింగ్‌కు తెస్తే, సరిగ్గా అప్పుడే అది మండే హద్దుల్లోకి దిగి ఉండొచ్చు. జాగ్రత్త పడ్డాననుకున్న మనిషికే ప్రమాదం జరుగుతుంది. అనుభవం ఎంత ఉన్నా లోపలి పాళ్లు కంటికి కనబడవు. ముక్కుకూ తెలియవు. "వాసన పోయింది" అంటే చాలాసార్లు పెట్రోలు వాసనకు ముక్కు అలవాటు పడిపోయిందని అర్థం. పైగా అడుగున ఎండి బంకలా పట్టిన పాత పెట్రోలు చల్లగా ఉన్నప్పుడు ఆవిరి వదలదు, మంట తగిలి వేడెక్కగానే వదులుతుంది. వాసన లేని ట్యాంకు వెల్డింగ్ మొదలయ్యాక ప్రమాదకరంగా మారవచ్చు.

దీనికి విరుగుడుగా మరో రెండు చిట్కాలు చెబుతారు. మొదటిది, "నీళ్లు నింపి కొట్టు." నీళ్లు నింపితే ఆవిరికి చోటు తగ్గుతుంది, ఆలోచన సరైనదే. కానీ చిల్లి దగ్గర పొడిగా ఉండాలి కదా అని ట్యాంకును వంచుతారు, వంచినప్పుడు ఆ పక్కనే గాలి గూడు ఒకటి మిగులుతుంది, వెల్డింగ్ సరిగ్గా దాని మీదే. రెండోది, "ఇంకో బండి సైలెన్సర్‌కు పైపు పెట్టి పొగ నింపు." పొగలో గాలి తక్కువ, అందుకని అంటుకోదంటారు. ఎంత తక్కువో కొలిచిన వాళ్లెవరూ లేరు. షట్టరు సగం దించిన షాపులో ఆ పొగ, అందులోని కార్బన్ మోనాక్సైడ్ పీల్చేది కూడా అక్కడ పనిచేసే మనుషులే. పెట్రోలు మోసిన లారీ ట్యాంకర్ మీద మంటతో పని చెయ్యాలంటే, ముందు అర్హత ఉన్న మనిషి పరికరంతో పరీక్షించి ఆవిరి లేదని కాగితం మీద రాసివ్వాలని పెట్రోలియం నియమాలున్నాయి. బండి ట్యాంకు చిన్నది కాబట్టి అందులోని ఆవిరి స్వభావం మారిపోదు. వెల్డర్ తన ముఖాన్ని ట్యాంకుకు మూరెడు దూరంలో పెట్టి పనిచేస్తాడు.

ఖాళీ ట్యాంకు ఏం చెయ్యగలదో ప్రపంచం మొత్తం చూసిన రోజు ఒకటుంది. 1996 జులై 17న న్యూయార్క్ నుంచి పారిస్ బయల్దేరిన టీడబ్ల్యూఏ 800 అనే బోయింగ్ 747 విమానం లేచిన కొద్ది నిమిషాలకే సముద్రం మీద పేలిపోయింది. 230 మంది చనిపోయారు. ఏళ్ల తరబడి దర్యాప్తు చేసి తేల్చిందేమిటంటే, రెక్కల మధ్యనున్న ఇంధన ట్యాంకు దాదాపు ఖాళీగా ఉంది, దాని కిందే ఏసీ యంత్రాలు నడిచి ట్యాంకు వేడెక్కింది, అడుగున మిగిలిన కొద్దిపాటి ఇంధనం ఆవిరై మండే స్థితికి వచ్చింది. అది పెట్రోలు కూడా కాదు, కిరోసిన్ జాతి ఇంధనం. ఆ తర్వాత విమానాల ట్యాంకుల్లో ఆవిరి మండకుండా నైట్రోజన్ లాంటి వాయువు నింపే ఏర్పాట్లు వచ్చాయి, 2008లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ దానికి నియమాలు తెచ్చింది. అంతటి ఇంజనీర్లే ఖాళీ ట్యాంకును నమ్మలేదు.

ఇది చదివి "మాది డీజిల్ జనరేటర్, డీజిల్ అంటుకోదు గదా" అనుకునేవాళ్లకు ఒక అంకె చెబుతాను. మన దేశంలో బంకులో అమ్మే డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలుంటే చాలని ప్రమాణం. అంటే ఆ వేడిలో అది మండే ఆవిరి ఇవ్వొచ్చు. సికింద్రాబాద్‌లో మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది, ఎండలో పెట్టిన ఇనుప ట్యాంకు గురించి చెప్పక్కర్లేదు. దాని మీద గ్యాస్ కట్టర్ మంట పెడితే ఏ నెలైనా ఒకటే.

వెల్డింగ్ మానేసి తుప్పు కడగడానికి దిగితే ఇంకో రకం సలహాలు. "బాత్రూం యాసిడ్ పోసి గంట సేపు వదిలెయ్, వెండి లెక్క మెరుస్తది." ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పుతో పాటు మంచి రేకును కూడా తింటుంది, తింటూ హైడ్రోజన్ వదులుతుంది, అది కూడా మండే వాయువే. కడిగాక మిగిలిన క్లోరైడ్ వల్ల తెల్లారేసరికి ట్యాంకు లోపలంతా ఎర్రగా కొత్త తుప్పు పడుతుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు ఇంతకన్నా నయం. ముందు ట్యాంకును గిన్నెల సోపు కలిపిన వేడినీళ్లతో పలుమార్లు కడగాలి. ఆ తర్వాత లీటరు నీటికి యాభై నుంచి వంద గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి నింపి, రాత్రంతా ఉంచి, పొద్దున పారబోసి, వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యమైతే కొత్త తుప్పు మొదలవుతుంది. కూల్‌డ్రింకు పోయమనేవాళ్లూ ఉన్నారు. అందులో ఆమ్లం కొంచెం, చక్కెర బోలెడు, ఆ బంక తర్వాత కార్బురేటర్ జెట్టులో దొరుకుతుంది. గట్టి తుప్పు రాలడానికి లోపల నట్లు, గులకరాళ్లు వేసి ఊపమంటారు. వేసినవన్నీ బయటికొచ్చాయో లేదో ఎవరూ చెప్పలేరు. దానికి బదులు సన్న ఇనుప గొలుసు ఒకటి, కొస మూతి దగ్గర తీగతో కట్టి, లోపల నీళ్లుండగానే వేసి ఊపండి. నీళ్లుంటే ఇనుము ఇనుముకు తగిలినా నిప్పురవ్వ రాదు. ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యర్ తెచ్చే ఆలోచన వద్దు, అందులో ఎర్రగా కాలే తీగ ఉంటుంది. ఆవిరి లాగడానికి వాక్యూం క్లీనర్ వద్దు, దాని మోటారులో నిప్పురవ్వలుంటాయి. మన ఎండ చాలు.

కడిగాక కారుతుందో లేదో చూడటానికి పంక్చర్ షాపుకు పోయి గాలి కొట్టించొద్దు. టైరుకు ముప్పై పాయింట్ల గాలి కొట్టే యంత్రం అది. ట్యాంకు రేకు అంత ఒత్తిడికి చేసింది కాదు, ఉబ్బిపోతుంది, అంచు దగ్గర చీలి తగలరాని చోట తగులుతుంది కూడా. నీళ్లు నింపి, కింద పాత పేపరు పరిచి, గంటసేపు వదిలేస్తే ఎక్కడ కారుతుందో పేపరే చూపిస్తుంది.

లోపల పూసే లైనింగ్ గురించి నా అభిప్రాయం స్పష్టం. సన్న సూది రంధ్రం ఒకటి ఉండి, రేకు మిగతా చోట గట్టిగా ఉంటే, ఇథనాల్‌కు తట్టుకునే ఎపాక్సీ లైనింగ్ పనిచేస్తుంది. గోరుతో నొక్కితే లోపలికి దిగే రేకుకు ఏ పూతా ప్రాణం పొయ్యదు. అలాంటి రేకు మీద పూసింది కొన్నాళ్లకు పొరలు పొరలుగా ఊడి కార్బురేటర్‌కు చేరుతుంది. అప్పుడు ట్యాంకు మార్చాలి. పైసలు మిగిల్చాలని లైనింగ్ చేయించి, ఆ పైన ట్యాంకు కొన్నవాళ్లకు రెండు ఖర్చులూ పడ్డాయి.

పడవల వాళ్లకు ఇదే సమస్య మరింత ఇరుకులో ఎదురవుతుంది. హుస్సేన్ సాగర్‌లో ఏటా జరిగే సెయిలింగ్ పోటీల్లో పిల్లలు నడిపే తెరచాప పడవలకు ఇంజన్లూ ఉండవు, ట్యాంకులూ ఉండవు. వాళ్ల వెనక తిరిగే రక్షణ పడవలకు ఉంటాయి, అవీ చాలావరకు బయటికి తీసి పట్టుకెళ్లే చిన్న ట్యాంకులే. సముద్రంలో తిరిగే పెద్ద పాత పడవల సంగతి వేరు. అక్కడ ట్యాంకును అడుగున ముందు బిగించి, దాని మీద ఇంజన్, నేల చెక్కలు వేస్తారు. ట్యాంకుకూ చెక్కకూ మధ్య ఉప్పు తడి చేరి, బయటి నుంచి తినేస్తుంది. ఇక బయటికి తీసే దారి ఉండదు కాబట్టి "అక్కడే గ్రైండర్ పెట్టి ముక్కలు చేసి తీద్దాం" అనే సలహా వస్తుంది. రోడ్డు మీద బండికైతే గాలి తగిలి ఆవిరి చెదిరిపోవచ్చు. పడవ అడుగు గిన్నెలా మూసుకుని ఉంటుంది, బరువైన ఆవిరి దిగి అక్కడే నిలుస్తుంది. ఇంజన్ ఎత్తి పక్కన పెట్టడం ఎంత ఖరీదైనా సరే, అదే మార్గం. ఒకదాని పక్కన ఒకటి కట్టేసిన పడవల్లో ఒక్కదాంట్లో నిప్పు పుడితే ఏమవుతుందో 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చూశాం. డీజిల్ ట్యాంకులు, వంటగ్యాస్ సిలిండర్లు పేలుతూ, సుమారు నలభై పడవలు కాలిపోయాయి. వాటి మీద బతికే కుటుంబాల జీవనాధారం ఒక్క రాత్రిలో పోయింది.

కొత్త ట్యాంకు బిగించేటప్పుడు "పాతది ఇప్పు, కొత్తది పెట్టు, గంతే" అనే మెకానిక్‌ను కాసేపు ఆపండి. పాత ట్యాంకు ఎక్కడ కారిందో చూడండి. అడుగున కారితే నీళ్ల వల్ల. బోల్టు బిగించే చెవి దగ్గర చీలితే కింది రబ్బర్లు అరిగి, అదురు నేరుగా రేకుకు తగలడం వల్ల. ఆ రబ్బర్లు మార్చకపోతే కొత్తదీ అక్కడే చీలుతుంది. ట్యాంకు తీయగానే ఫ్రేము మీద వైర్లు కనబడతాయి. ట్యాంకు అడుగుకు రాసుకుని వాటి ప్లాస్టిక్ తొడుగు అరిగి ఉంటే ముందు ఆ వైర్లు సరిచెయ్యండి, ఎందుకంటే పెట్రోలు కింద రాగి తీగ బయటపడి ఉండటం కన్నా పెద్ద ప్రమాదం బండి మీద లేదు. బ్యాటరీ నెగెటివ్ తీసి పని మొదలుపెట్టండి. కొత్త ట్యాంకు లోపల తయారీలో మిగిలిన ఇనుప రజను, నూనె ఉంటాయి, కొద్దిగా పెట్రోలు పోసి కడిగి తీసెయ్యకుండా వాడకండి. కాక్ వాషరు, రబ్బరు పైపు, ఫిల్టరు, క్లిప్పులు కొత్తవి వేయించండి. బోల్టులు, క్లిప్పులకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే దొరకనిది ఉండదు. పాత రబ్బరు పైపు ఇథనాల్‌కు మెత్తబడి పగులుతుంది, చేత్తో వంచి చూస్తే తెలుస్తుంది.

మిగిలింది పాత ట్యాంకు. "పాత ఇనుపోనికి ఏసెయ్, నాలుగు పైసలొస్తయి." ఈ సలహా వినడానికి ఏ తప్పూ లేనట్టే ఉంటుంది, అందుకే దీని గురించి ఆగి చెప్పాలనిపిస్తోంది. మీరు వెల్డింగ్ చేయించకుండా మానుకున్న ట్యాంకును, గోదాములో ఎవరో గ్యాస్ కట్టర్‌తో కోస్తారు. అది పెట్రోలు ట్యాంకని, అందులో ఇంకా తడి ఉందని అతనికి ఎవరూ చెప్పరు. బోయిగూడలో 2022 మార్చి 23 తెల్లవారుజామున ఒక స్క్రాప్ గోదాము తగలబడి పదకొండు మంది చనిపోయారు. అందరూ బీహార్ నుంచి పని కోసం వచ్చినవాళ్లే. కింద సామాను, పైన నిద్ర. షార్ట్ సర్క్యూట్ వల్ల నిప్పు పుట్టిందని అప్పట్లో అధికారులు భావించారు. దానికీ పెట్రోలు ట్యాంకులకూ సంబంధం లేదు. కానీ మనం అమ్మేసిన ప్రతి వస్తువూ చేరేది అలాంటి మనుషుల చేతికే, వాళ్లు పడుకునే చోటి కిందికే.

అందుకని పాత ట్యాంకును పెట్రోలు వాసనతో అప్పగించకండి. మూత, కాక్ రెండూ ఊడదీయండి. సోపు నీళ్లతో మళ్లీ మళ్లీ కడగండి. రెండు మూతులూ తెరిచి, మనుషులు మసలని చోట కొన్ని రోజులు ఎండలో ఉంచండి. ఇచ్చే రోజు మళ్లీ నీళ్లు పోసి, తడిగానే ఇవ్వండి. సున్నంతో గానీ రంగుతో గానీ దాని మీద పెద్దగా "పెట్రోల్" అని తెలుగులోనూ హిందీలోనూ రాయండి. గోదాముకు మీరే పోయి, కోసే మనిషి ఎవరో అడగండి. తెలుగు రాకపోతే హిందీలో, అతని ముఖం చూసి చెప్పండి: ఇది పెట్రోలు ట్యాంకు, దీనికి మంట పెట్టొద్దు, నీళ్లుండగానే సుత్తితో చదును చెయ్యి.